కల్నల్ గారి కాగితాలు

కాలిన్ మెకంజీకి తెలుగు రాదు. తమిళం, కన్నడం, సంస్కృతం కూడా రావు. 1783లో మద్రాసు రేవులో దిగిన మనిషి, 1821 మే నెలలో కలకత్తా దగ్గర హుగ్లీ నది మీద పడవలో కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా సొంతూరి మొహం చూడలేదు. ఈ మధ్యలో తాటాకు గ్రంథాలు, కాగితపు ప్రతులు కలిపి 1568, శాసనాల నకళ్ళు 8076, నాణేలు 6218, బొమ్మలు 2630 ఆయన దగ్గర పోగుపడ్డాయి. ఆయన పోయాక హెచ్.హెచ్. విల్సన్ అనే సంస్కృత పండితుడు కలకత్తాలో కూర్చుని లెక్కగట్టి, 1828లో అచ్చువేయించిన పట్టికలోని అంకెలివి. వాటిలో మన భాషల్లో ఉన్న ముక్క ఒక్కటి కూడా కల్నల్ గారు ఎవరి సాయమూ లేకుండా చదువుకోగలిగింది కాదు.

ఈ సంగతి ఎవరో పరిశోధకులు తవ్వితీస్తే బయటపడలేదు. 1817 ఫిబ్రవరి 1న అలెగ్జాండర్ జాన్‌స్టన్ అనే పాత స్నేహితుడికి రాసిన పొడుగాటి ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో తమ తొలినాళ్ళలో దేశభాషలు నేర్చుకొమ్మని ప్రోత్సహించిన దిక్కు లేదనీ, చిన్న ఆఫీసరు జీతం, పైవాళ్ళతో పరిచయాలు లేకపోవడం, తెరిపి లేని యుద్ధాలు తొలి పదమూడేళ్ళనూ తినేశాయనీ అందులో వాపోతాడు. 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక తొలి సంపుటంలో ఆ ఉత్తరం అచ్చయింది. ఆయన తన గురించి తాను కాస్త నోరు విప్పింది అందులోనే. అది చదివిన దగ్గర్నుంచి ఈయన సొంత కాగితాలు ఇంకేమైనా ఉంటే చూడాలని నాకు ఒక పురుగు తొలుస్తూనే ఉంది. లండన్‌లో ఉన్న మా అమ్మాయి రమ్మని టికెట్లు పంపినప్పుడు, మనవరాలి మీద బెంగతో పాటు ఆ పురుగూ నాతో విమానమెక్కింది.

మాది కృష్ణ ఒడ్డు. మా తాత కరణీకం చేశాడు. కవిలెకట్ట అంటే ఏమిటో, దానిమీద చెయ్యి వేయబోయిన పిల్లాడి వీపు ఏమయ్యేదో తెలిసిన చివరి తరం బహుశా మాదే. మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ళ కింద ఊరూరూ తిరిగి రాయించుకున్నది ఆ కవిలెల్లోని సంగతులే. వాటినే కైఫీయతులు అంటారు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, అడవి కొట్టి ఊరు కట్టిందెవరు, ఏ రాజు ఏ దేవుడికి ఎన్ని కుచ్చెళ్ళ మాన్యం ఇచ్చాడు, చెరువు తవ్వించిందెవరు, మిరాసీ ఎవరిది, తురకల అమలు ఎప్పుడొచ్చింది, జమీందారు ఏ పన్ను కొత్తగా వేశాడు, ఇలా సాగుతాయి. తెలుగువాడికి చరిత్ర రాసుకునే అలవాటు లేదని నిట్టూర్చేవాళ్ళ చేతిలో నేను వీటిలో ఒకటి పెడుతుంటాను. రాజుల వరసల దగ్గర తప్పులు బోలెడుంటాయి. మాన్యాల సరిహద్దుల దగ్గర మాత్రం కరణం ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తాడు. పొలం గట్టు దగ్గర అబద్ధమాడితే మర్నాడే తగువు కదా.

బ్రిటిష్ లైబ్రరీ సెయింట్ పాంక్రస్ రైల్వే స్టేషన్ పక్కనే ఉంటుంది. ఎర్ర ఇటుకల కట్టడం. గుర్తింపు కాగితాలు చూపించి రీడర్ కార్డు తీసుకోవాలి. కోటు, సంచీ కింద లాకర్లో పెట్టి, పారదర్శకమైన కవరులో పెన్సిలూ నోటుబుక్కూ మాత్రం పట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కాలి. పెన్ను నిషిద్ధం. ఆసియా, ఆఫ్రికా విభాగం చదువుల గది అక్కడే. ఇండియా ఆఫీసు సరుకంతా ఇప్పుడు ఈ గదికే వస్తుంది. పుస్తకం కింద పెట్టడానికి స్పాంజి దిండ్లు, పేజీలు మూసుకుపోకుండా అడ్డం వేయడానికి బరువు కూరి కుట్టిన గుడ్డతాళ్ళు ఇస్తారు. చుట్టూ రకరకాల దేశాల మనుషులు తమ తమ తాతలను వెతుక్కుంటూ ఉంటారు.

మెకంజీ కాగితాలు అక్కడ నాలుగైదు వరసలుగా ఉన్నాయి. జనరల్, మిసలేనియస్, ట్రాన్స్‌లేషన్స్, ప్రైవేట్. ప్రైవేట్ అని కనపడగానే నా ప్రాణం లేచొచ్చింది. పట్టిక విప్పి చూస్తే అందులో ఉన్నది ఎక్కువగా జావాకు సంబంధించిన డచ్చి కాగితాలు. 1811లో బ్రిటిష్‌వాళ్ళు జావా మీద దండెత్తినప్పుడు ఇంజనీరుగా వెళ్ళి, అక్కడా ఊరుకోకుండా దొరికిన రికార్డల్లా పోగేసి, నకళ్ళు రాయించి తెచ్చుకున్నాడు. 1812లో పెట్రోనెల్లా బార్టెల్స్ అనే డచ్చి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నదీ అక్కడే. అప్పటికి ఆయనకు అరవై దగ్గరపడుతోంది. ఈ పెళ్ళి గురించి ఒక్క వాక్యం దొరుకుతుందేమోనని ఆశపడి పట్టిక మీద వేలు పెట్టుకుంటూ పోయాను. జావా రెవెన్యూ గురించి దొరికింది.

ఈయన బతుకంతా ఇదే తీరు. ఇతరుల సంగతులు చెప్పమంటే సంపుటాలు, తన సంగతి అడిగితే హోదా, తేదీ, చేసిన పని. 1786లో పదాతి దళం నుంచి మద్రాసు ఇంజనీర్లలోకి మారాడు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా దారిని సర్వే చేశాడు. గుంటూరు సర్కారు కంపెనీ చేతికి రాగానే దాన్నీ కొలిచాడు. టిప్పుతో యుద్ధం వస్తే నిజాం సైన్యం వెంట ఉన్న ఇంగ్లీషు దళానికి ఇంజనీరయ్యాడు. ఆ వంకతో దక్కనంతా పటం గీయడం మొదలుపెట్టాడు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. కోట పడిన మర్నాటి నుంచీ కంపెనీకి కావలసింది కొత్తగా చిక్కిన మైసూరు ఎంత, ఎక్కడిదాకా, అందులో ఏముంది అన్న లెక్క. ఆ పని ఈయనకే అప్పగించారు. దాదాపు పదేళ్ళు పట్టింది. 40,000 చదరపు మైళ్ళ నేల, ఏడు పెద్ద సంపుటాల వివరణ, దానికి తోడు పటాలు. మధ్యలో పైవాళ్ళు ఖర్చు ఎక్కువైందని కత్తెర వేశారు. ఆయన ఉత్తరాల్లో కోపం కనబడేది ఇలాంటి చోట్లే. బిల్లులు, భత్యాలు, మనుషుల జీతాలు. సర్వే శాఖలో పని చేసిన ఎవరికైనా ఆ బాధ ఇట్టే అర్థమవుతుంది.

మద్రాసులో 1794 నుంచి ఒక సర్వే బడి నడిచింది. తెల్ల సిపాయిలకు ఇక్కడి ఆడవాళ్ళ వల్ల పుట్టి అనాథాశ్రమంలో పెరిగిన పిల్లలకు గొలుసు లాగడం, కోణాలు కొలవడం, పటం గీయడం నేర్పేవారు. మైసూరు పటాల్లో చాలా భాగం ఆ పిల్లల చేతి చలవే. పటం మీద పేరు మేజర్ మెకంజీది. నేనిది ఆయన్ను తప్పుపట్టడానికి అనడం లేదు, ఆ రోజుల్లో అదే రివాజు. ఆశ్చర్యమేమిటంటే పటాల దగ్గర రివాజు ప్రకారం నడిచిన మనిషి, మన పండితుల దగ్గర మాత్రం కొంచెం వేరుగా నడిచాడు. అది తర్వాత చెబుతాను.

ట్రాన్స్‌లేషన్స్ వరసలోనే అసలు సరుకు ఉంది. మెకంజీకి మన భాషలు రావు కాబట్టి, ఊళ్ళు తిరిగే గుమాస్తాలు తమ నెలవారీ నివేదికలను ఇంగ్లీషులోకి మార్పించి పంపాలి. ఆయన పుణ్యమా అని అవి మిగిలాయి. ఫలానా తేదీన ఫలానా ఊరు చేరాను, కరణాన్ని అడిగాను, కాగితాలు ముట్టడైన కాలంలో తగలబడ్డాయన్నాడు, రేపు రమ్మన్నాడు, రేపు వెళితే ఊళ్ళో లేడు. ఇలాంటివి. సీడెడ్ జిల్లాల్లో తిరిగిన నారాయణరావు నివేదికలు చదువుతుంటే నాకు మా తాతే కళ్ళ ముందు కనిపించాడు, కాకపోతే ఎదుటి పక్షంలో. కంపెనీ మనిషి వచ్చి మీ ఊరి మాన్యాలెన్ని అని అడిగితే తెలివైన కరణం ఎవడూ చెప్పడు. చెప్పిన మాన్యం మీద రేపు పన్ను పడుతుంది. కలెక్టరు ఉత్తరం చూపించాలి, తాంబూలం ఇవ్వాలి, పదిసార్లు తిరగాలి. గుమాస్తాకు కోమటి ఇంటి అరుగే బస. అలా వచ్చిన కైఫీయతు అది. చరిత్రకారులు దాన్ని మూలాధారమంటారు. సగం చెప్పీ, సగం దాచీ, ఇష్టం లేకుండా ఇచ్చిన వాఙ్మూలం అంటే ఇంకా సరిగ్గా ఉంటుందని నా ఉద్దేశం. దాచిన సగం కూడా ఆ నివేదికల పక్కన పెట్టి చదివితే కొంచెం కొంచెంగా కనబడుతుంది.

ఈ మనుషులందరినీ నడిపిన తలకాయ ఏలూరుది. కావలి వెంకట బొర్రయ్య. నియోగి. 1790ల చివర ఇరవయ్యేళ్ళ కుర్రాడిగా మెకంజీ దగ్గర చేరాడు. సంస్కృతం, తెలుగు, పారశీకం, హిందుస్తానీ, ఇంగ్లీషు వచ్చు. నియోగుల ఇళ్ళలో ఇది పెద్ద వింత కాదు. కచేరీల్లో లెక్కలు రాయడం, దానపత్రాలు చదవడం, నకిలీ సనదును పసిగట్టడం తరతరాలుగా వాళ్ళ బతుకుతెరువు. పాత శాసనం ముందు నిలబెడితే లిపి ఏ కాలానిదో, శకవర్షం తిథికి సరిపోయిందో లేదో చూసుకునే చూపు అలా వచ్చింది. మైసూరు సీమలో ఎవరికీ కొరుకుడుపడని హళెగన్నడ శాసనాలను చదివే దారి పట్టుకున్నది ఈ ఏలూరు కుర్రాడే అని మెకంజీ స్వయంగా రాశాడు. భారతీయ విద్యల ద్వారం తనకు తెరిచింది బొర్రయ్య పరిచయమేనని జాన్‌స్టన్ ఉత్తరంలో చెప్పాడు. తన తల్లిదండ్రుల గురించి చెప్పని మాటలు అవి. బొర్రయ్య 1803లో ముప్పై నిండకుండానే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానంలోకి వచ్చి కల్నల్ చనిపోయేదాకా పక్కనే ఉన్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి కూడా ఈ కొలువులో పని చేసి, తర్వాత కలకత్తాలో 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశాడు. అందులో అన్న బొర్రయ్యకూ చోటిచ్చాడు.

థామస్ హిక్కీ 1816లో వేసిన మెకంజీ తైలవర్ణ చిత్రం ఈ లైబ్రరీ సొత్తే. ఎర్రకోటు తొడుక్కుని, సన్నగా, కొంచెం అలసిపోయినట్టుగా ఉంటాడు. చుట్టూ ముగ్గురు మనవాళ్ళు. ఒకరి చేతిలో తాటాకులు, మరొకరి చేతిలో దుర్భిణి. దూరంగా కొండ మీద గోమటేశ్వరుడు. తాటాకులు పట్టుకున్నది జైన పండితుడు ధర్మయ్య అనీ, మరొకాయన లక్ష్మయ్య అనీ, దుర్భిణి పట్టుకున్న బంట్రోతు కిష్ణాజీ అనీ పరిశోధకులు తేల్చారు. కంపెనీ కాలపు తెల్లదొరల చిత్రాల్లో హుక్కా అందించే నౌకర్లుంటారు, గుర్రపువాడుంటాడు, గొడుగువాడుంటాడు. గుమాస్తాలను, పండితులను తనతో సమానంగా నిలబెట్టి వేయించుకున్న దొరలు అరుదు. బంట్రోతు పేరు కూడా మనదాకా వచ్చింది.

సాయంత్రం లైబ్రరీ మూసేసరికి నా నోటుబుక్కు నిండా నారాయణరావులూ లక్ష్మయ్యలూ ఉన్నారు, కల్నల్ లేడు. ఇక మిగిలింది ఆయన పుట్టిన ఊరు, లూయిస్ దీవిలోని స్టోర్నవే. లైబ్రరీ నుంచి నడిచిపోయేంత దూరంలోనే యూస్టన్ స్టేషన్. అక్కడ రాత్రి బండి ఎక్కితే తెల్లారి ఇన్వర్నెస్‌లో దిగుతాం. అక్కణ్ణుంచి బస్సులో కొండల మధ్యగా ఉల్లాపూల్ రేవు. ఆపైన ఓడ.

బండిలో నిద్ర పట్టక శ్రీశైలం గురించి ఆలోచిస్తూ పడుకున్నాను. మెకంజీ 1794లో అక్కడికి వెళ్ళాడు. ఆ ప్రయాణపు దినచర్యలో కొంత భాగం 1798లో ఏషియాటిక్ రీసెర్చెస్ ఐదో సంపుటంలో అచ్చయింది. ఇంజనీరు కళ్ళు ఎక్కడికెళ్ళినా ఇంజనీరు కళ్ళే. ప్రాకారం రాళ్ళ మీద చెక్కిన బొమ్మల్ని వరస తప్పకుండా రాసుకున్నాడు. గర్భగుడిలోకి రానివ్వరు కాబట్టి, ఇత్తడి అద్దంతో వెలుతురు లోపలికి మళ్ళించి మల్లికార్జునుణ్ణి బయటినుంచే చూపించారు. తెలుగునేల మొత్తాన్నీ ఆయన చూసింది అలాగే అనిపిస్తుంది నాకు. అద్దం పట్టుకున్న చెయ్యి మరొకరిది.

అమరావతి కథ వేరు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తూ, ఇటుకల కోసం దీపాలదిన్నెను తవ్విస్తున్న రోజుల్లో మెకంజీ మొదటిసారి అక్కడికి వెళ్ళాడు. రాళ్ళ మీద బొమ్మలు బయటపడుతున్నాయని తెలిసి వెళ్ళాడు, ఎక్కువసేపు ఉండలేకపోయాడు. మళ్ళీ తన మనుషులతో 1816లో వచ్చేసరికి దిన్నె మధ్యలో రాజాగారు చెరువు తవ్వించారు. పాలరాళ్ళు ఎవరికి దొరికినవి వాళ్ళు పట్టుకుపోయారు. కొన్ని గుళ్ళలోకి, కొన్ని ఇళ్ళలోకి, కొన్ని సున్నపు బట్టీల్లోకి. మిగిలినవాటిని హామిల్టన్, న్యూమన్ వంటి ఆ సర్వే కుర్రాళ్ళు కొలతలతో సహా గీశారు. ఆ ఎనభై పైచిలుకు బొమ్మల ఆల్బం ఇప్పుడు లండన్‌లో ఉంది. అందులోని కొన్ని రాళ్ళు ఈ రోజు ఎక్కడా లేవు, ఆ బొమ్మలే వాటికి మిగిలిన ఆనవాలు. మెకంజీ కూడా కొన్ని రాళ్ళు తరలించాడు, అదీ నిజమే. తర్వాత 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, అక్కణ్ణుంచి లండన్ బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళాయి. మా ఊరికి అమరావతి కూతవేటు దూరం. చిన్నప్పుడు స్తూపం చూడ్డానికి తీసుకెళ్తే మాకు కనిపించింది గడ్డి మొలిచిన గుండ్రటి మట్టిదిబ్బ.

ఉల్లాపూల్ నుంచి వెళ్ళే ఓడ పేరు లాక్ సీఫోర్త్. ఆ పేరు ఒక సముద్రపు పాయది. ఆ పాయ పేరునే బిరుదుగా పెట్టుకున్నవాళ్ళు సీఫోర్త్ ప్రభువులు, మెకంజీల తెగకు పెద్దలు. స్టోర్నవే రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేసుకుంటున్న కాలిన్‌కు కంపెనీ సైన్యంలో చోటు దొరకడానికి వాళ్ళ పలుకుబడి పనికొచ్చింది. వ్యాపారి, ఊరి పోస్టుమాస్టరు అయిన ముర్డోక్ మెకంజీ కొడుకు అతను. ఇంకో విచిత్రమైన కారణం కూడా ఉంది. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ వంశస్థుడు ఒకాయన, ఆ పూర్వీకుడి జీవితచరిత్ర రాస్తూ హిందువుల గణితం గురించి వివరాలు వెతకడంలో ఈ కుర్రాణ్ణి సాయం పెట్టుకున్నాడు. మద్రాసులో దిగగానే మదురై వెళ్ళి, ఆ వంశస్థుడి కూతురి ఇంట్లో బ్రాహ్మణ పండితులను కలుసుకున్నాడు. జాన్‌స్టన్ ఆ ఇంటి పిల్లవాడే.

సముద్రం మీద మూడు గంటల లోపు ప్రయాణం. జూన్ నెల కావడంతో రాత్రి తొమ్మిదింటికి కూడా ఎండ. గాలి మాత్రం మన పుష్యమాసపు గాలిని పదింతలు చేసినట్టుంది. స్టోర్నవేలో బోర్డులన్నీ గేలిక్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. బోడి కొండలు, నల్లటి బురదనేలలు, నీళ్ళు, ఆకాశం. దీవి మొత్తం మీద చెట్లు గుబురుగా కనిపించేది రేవుకు ఎదురుగా ఉన్న కోట చుట్టూనే. ఆ కోట లూయిస్ కాసిల్. జేమ్స్ మాథెసన్ అనే ఆయన 1844లో ఈ దీవిని సీఫోర్త్ వారసుల దగ్గర కొని, ఆ దశాబ్దంలోనే ఈ కోటకు పునాది వేశాడు. డబ్బు ఎక్కడిదంటే జార్డీన్ మాథెసన్ కంపెనీ చైనాకు అమ్మిన నల్లమందుది. ఆ నల్లమందు పండింది మన దేశంలో. మెకంజీ కథ కోసం వెళ్ళి బీహారు రైతు చెమటతో కట్టిన కోట మెట్లెక్కాను.

కోటను ఆనుకుని దీవుల మ్యూజియం ఉంది. 2017లో ఇక్కడ మెకంజీ మీద ఒక ప్రదర్శన పెట్టారు. లండన్ నుంచి మూడు పెద్ద సంస్థలు వస్తువులు అరువిచ్చాయి. హిక్కీ చిత్రం కూడా అప్పుడు వచ్చింది. దొర వెళ్ళిన రెండు వందల ముప్పై నాలుగేళ్ళకు ధర్మయ్య, లక్ష్మయ్య, కిష్ణాజీ ఈ చలిలోకి అడుగుపెట్టారన్నమాట. ఇప్పుడు అక్కడ జనం ఎక్కువగా వచ్చేది చదరంగం పావుల కోసం. దీవి పడమటి తీరంలో ఇసుకదిబ్బల్లో దొరికి 1831లో లోకానికి తెలిసిన పావులవి. ఎక్కువగా వాల్రస్ దంతంతో చెక్కినవి, దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ నాటివి. పావులూ వాటితో దొరికినవీ కలిపి మొత్తం తొంభై మూడు. ఎనభై రెండు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, పదకొండు ఎడింబరోలో ఉన్నాయి. దొరికిన దీవికి లండన్‌వాళ్ళు ఆరు అరువిచ్చారు.

అద్దాల పెట్టె ముందు నిలబడిన నన్ను చూసి అక్కడ పనిచేసే పెద్దావిడ, ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగింది. చెప్పాను. అమరావతి రాళ్ళు గ్రేట్ రస్సెల్ స్ట్రీట్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో చూశానంది. మా పావులూ అక్కడే ఉన్నాయి అంది. నవ్వుతూనే అంది గాని ఆ నవ్వులో ఉప్పు కొంచెం ఎక్కువే పడింది. కల్నల్ మెకంజీ మీ ఊరివాడే కదా అన్నాను. మా ఊరివాడే, కాని తిరిగి రాలేదుగా అంది. ఆమె దృష్టిలో అదొక చిన్న నేరం. ఈ దీవి నుంచి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ జాబితా పొడుగు. కెనడా నదుల వెంట పోయిన అలెగ్జాండర్ మెకంజీదీ ఈ ఊరే.

మర్నాడు ఆదివారం. ఈ దీవిలో ఆదివారం అంటే దేవుడి రోజు. అంగళ్ళు దాదాపు అన్నీ మూతే. రేవు నుంచి ఆదివారం పూట ఓడ మొదటిసారి కదిలింది 2009లో, అదీ నిరసనల మధ్య. తెరిచిన కాఫీ కొట్టు దొరకక, బసలో కూర్చుని లక్ష్మయ్య సంగతులు తిరగేశాను.

మెకంజీ పోయాక భార్య ఈ సేకరణ మొత్తాన్ని కంపెనీకి లక్ష రూపాయలకు అమ్మింది. మిత్రుడు దాని మీద 15,000 పౌన్లకు పైగా సొంత డబ్బు ఖర్చుపెట్టాడని జాన్‌స్టన్ తర్వాత చెప్పుకొచ్చాడు. వచ్చింది పదివేల పౌన్లు. కొంత సరుకు లండన్ వెళ్ళింది, దక్షిణాది భాషల ప్రతులు మద్రాసు వచ్చాయి. చెదలు, తేమ తమ పని తాము చేసుకుపోతుంటే సి.పి. బ్రౌన్ కొన్ని కైఫీయతులకు మంచి కాగితం మీద నకళ్ళు రాయించాడు. లేకపోతే గుంటూరు, కడప సీమల ఊళ్ళ కథలు చాలా మట్టుకు పోయేవే. ఇప్పుడవి చెన్నై కోట్టూరుపురంలో, ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలో బ్రౌన్ పేరిట ఉన్న పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చువేసింది. మిగిలిన జిల్లాల్లో చాలావాటికి అంత భాగ్యం పట్టలేదు.

లక్ష్మయ్య 1830లలో కంపెనీకి అర్జీ పెట్టుకున్నాడు. కల్నల్ గారి పని సగంలో ఆగిపోయింది, నాకు సాయం చేస్తే నేను పూర్తిచేస్తానన్నాడు. అర్జీ కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ దగ్గరికి అభిప్రాయానికి వెళ్ళింది. అశోకుడి బ్రాహ్మి లిపిని ఛేదించిన జేమ్స్ ప్రిన్సెప్ అప్పుడక్కడ కార్యదర్శి. 1836లో వాళ్ళు తేల్చిందేమిటంటే, ఈ నేటివుకు అంత పని నడిపే యోగ్యత ఉందని చెప్పలేమని. గ్రంథాలు సేకరించడానికి సరే, వాటి మీద విమర్శనాత్మకంగా రాయడానికి తెల్లవాడు కావాలి. ఇరవై ఏళ్ళు ఆ పనే నడిపిన మనిషికి వచ్చిన జవాబు అది. మెకంజీ బతికి ఉంటే ఏమనేవాడో ఊహించడం నాకిష్టం లేదు. అతనూ కంపెనీ మనిషే, పటాలు గీసింది కంపెనీ పన్నుల కోసమే. కైఫీయతుల వెనుక ఉన్న కుతూహలమూ, సర్వే గొలుసు వెనుక ఉన్న లెక్కా ఒకే ఉద్యోగి జేబులో ఉండేవి.

అయితే ఇందాక చెబుతానన్న సంగతి ఒకటుంది. సోమవారం ఓడలో సిగ్నల్ ఉన్నంతసేపు ఫోన్‌లో ఏషియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదో సంపుటం చూశాను. ఇలాంటి పాత సంపుటాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి. జైనుల గురించి అందులో ఒక వ్యాసం ఉంది. ముదిగెరెలోని జైన గురువు చెప్పగా రాసుకున్నది. వ్యాసం తలమీద, మేజర్ మెకంజీ కోసం దీన్ని అనువదించింది కావలి బొర్రయ్య బ్రాహ్మణుడు అని అచ్చక్షరాలతో ఉంది. ఆ సంపుటం వచ్చింది 1807లో. బొర్రయ్య పోయి అప్పటికి నాలుగేళ్ళు. పేరు తీసేసి తనది పెట్టుకున్నా అడిగేవాడు లేడు. ఆ కాలంలో దొరల పేరుతో అచ్చయిన మన పండితుల చదువు ఎంతో లెక్కే లేదు. మెకంజీ పేరు తీసేయలేదు.

పక్క సీటులో చేపల వ్యాపారి ఎవరో, ఏం చదువుతున్నారని అడిగాడు. మా పక్క ఊరివాడు రాసింది అన్నాను. ఏలూరు మాకు కృష్ణ అవతల ఉంటుంది, అంత దూరం వచ్చాక అదీ పక్క ఊరే.